వెనక సీట్లో పెట్టె

డిసెంబరు 2, మంగళవారం

ఇంటి ముందు పడవ దిగింది. ట్రాక్టరు ట్రక్కులో ఎరువుల బస్తాల మీద బోర్లా పడుకుని వచ్చింది. పసుపు రంగు ప్లాస్టిక్కు, రెండు మంచాలు వరసగా వేసినంత పొడవు. కయాక్ అంటారట. బీచి దగ్గర రిసార్టు మూసేసి వెళ్ళేటప్పుడు, అక్కడ కాపలా ఉన్న బాపయ్య మావకి ఇచ్చేశారు.

"నా బొజ్జకి ఇది ఆనదు. మీ నాన్నయితే దీంట్లో కూర్చుని గాలం వేసుకుంటాడు," అన్నాడు మావ నాతో.

నాన్న మంచం మీంచి లేవలేదు. "ఒంటిచేత్తో నడిపే పడవ కనిపెట్టారేంట్రా?" అన్నాడు.

వేసవిలో పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయాక నాన్న ఇంత పొడుగు మాట అనడం ఇదే. నాలుగు పదాలు. లెక్కపెట్టాను. మా పరుపుల కొట్టు తెరిచి ఉన్న రోజుల్లో ఆ నోరు మూతపడేది కాదు. ఆదివారం వస్తే నాన్నా బాపయ్య మావా కాలవ గట్టున గాలాలు వేసుకుని కూర్చునేవాళ్ళు. చేపలకంటే వాళ్ళ మాటలే ఎక్కువ పడేవి.

పడవతోపాటు రెండు తెడ్లు, రెండు నారింజ రంగు లైఫ్ జాకెట్లు ఇచ్చాడు మావ. ఒక్కోటి చాలు. రెండో తెడ్డూ రెండో జాకెట్టూ అటక మీద పెట్టాను.

డిసెంబరు 3

రోజుకో మాట పట్టుకుని రాసుకోమన్నారు మా తెలుగు సారు ప్రసన్నకుమార్ గారు. ఇవాళ్టి మాట కోసం నిఘంటువు తీశాను. వీడియోల్లో "యాక్సెసరీస్" అంటున్నారు కదా, దానికి తెలుగేమిటా అని. "ఉపకరణములు" అని ఉంది. నాయనమ్మని అడిగితే "హంగులు" అంది. ఉపకరణం అంటే ఏదో ఆస్పత్రిలో వస్తువులా ఉంది. హంగులంటే పడవ పెళ్ళికి బయల్దేరినట్టుంది. హంగులే ఖాయం.

ఆరు వీడియోలు చూశాను. ఒకాయన పడవకి ఎన్ని తగిలించాడంటే ఆయన కూర్చోడానికి చోటు వెతుక్కోవలసి వచ్చింది. గాలం కర్ర నిలబెట్టే గొట్టం, లంగరు, చేపల్ని చూపించే యంత్రం, వీపు ఆనించుకునే సీటు, గొడుగు, జెండా, ఈల, గ్లాసు పెట్టుకునే గుంట. అన్నీ రాసుకున్నాను. మన పడవలో కూర్చోడానికి రెండు పల్లాలున్నాయి. ముందుది నాన్నకి. వెనకది ఖాళీయే కాబట్టి అక్కడ సామాన్ల పెట్టె పెట్టచ్చు. వీడియోల్లో అందరికీ వెనక పెట్టె ఉంది.

డిసెంబరు 5

బాపయ్య మావకి జాబితా చదివి వినిపించాను.

"చేపల్ని చూపించే యంత్రం."

"కాలవలో చేప ఎక్కడుంటదో చెప్పడానికి యంత్రం ఎందుకే, నేనింకా బతికే ఉన్నాగా. కొట్టెయ్."

"గ్లాసు పెట్టుకునే గుంట."

"మీ నాన్న టీ సాసర్లో పోసుకుని తాగుతాడు. సాసరుకి గుంట ఉందేమో కనుక్కో."

"లంగరు."

"అది ఉండాల."

లంగరు కోసం కొట్లోంచి నాన్న దూది తూచే ఐదు కిలోల రాయి ముందే తెచ్చి పెట్టాను. మావ దాన్ని ఒకసారి ఎత్తి కింద పెట్టాడు. "ఏరా మాబూ, మీ అమ్మాయి పడవని కట్టేస్తందా, పాతిపెడతందా?"

నాన్న నవ్వలేదు. కానీ, "రెండు కిలోలది చాలమ్మా," అన్నాడు. నాతో అన్నాడు.

డిసెంబరు 6

ప్లంబరు దగ్గర ముక్క గొట్టం దొరికింది. గాలం కర్ర సరిగ్గా పట్టింది. పడవకి చిల్లు పెట్టి బిగించబోతే నాన్న వద్దన్నాడు. "ఒకసారి పెట్టిన చిల్లు తియ్యలేం." చెక్కకి బిగించి, చెక్కని పడవకి తాడుతో కట్టాను.

డిసెంబరు 8

పరీక్ష ఒకటి కనిపెట్టాను. ఎడమ చెయ్యి చున్నీతో నడుముకి కట్టేసుకుని, ఒక్కొక్క హంగూ కుడిచేత్తోనే వాడి చూడటం. పనికొస్తే ఉంచాలి, లేకపోతే తీసెయ్యాలి.

మూత తిప్పే ఎర డబ్బా: రాదు. మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నా జారిపోయింది. నొక్కితే తెరుచుకునే డబ్బా కావాలి. గొడుగు: తెరవగలిగాను, మూయలేకపోయాను. కొట్టివేత. లంగరు తాడు: సగం లాగాక పట్టు మార్చుకోవాలంటే రెండో చెయ్యి కావాలి. తాడుకి మూరమూరకీ ఒక ముడి వేసి, అంచున కొక్కేనికి తగిలించుకుంటూ లాగితే వచ్చింది. గాలం గొట్టం: అన్నిటికంటే మేలు. కర్ర దానంతట అది నిలబడితే కుడిచేత్తో దారం చుట్టే చక్రం తిప్పచ్చు. జెండా, ఈల: అక్కర్లేదు, కాలవలో ఎవరు గుద్దుతారు.

తెడ్డు: కుడివైపు తోస్తే ఎడమకి తిరుగుతోంది. గచ్చు మీదే తెలిసిపోయింది. దీని సంగతి తర్వాత చూడాలి.

ఇదంతా వరండాలో చేస్తుంటే అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. కట్టేసి ఉన్న నా చెయ్యి చూసింది. లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత చాలాసేపు వంటింట్లో గిన్నెల చప్పుడు లేదు.

డిసెంబరు 11

ఇవాళ్టి మాట: దబ్బనం. పరుపులు కుట్టే పెద్ద సూది. పలికితేనే గుచ్చుకునేలా ఉంది.

ఎందుకంటే నాన్న ఇవాళ దబ్బనం పట్టాడు. పడవలోకి సీటు కొంటానంటే, "పరుపులు కుట్టే మాబుగాడి కూతురు కూర్చోడానికి దిండు కొనుక్కొచ్చిందంటే కొత్తపట్నంలో తలెత్తుకు తిరగలేను," అన్నాడు. నిన్ననే తీసిన పత్తి ఏకించి తెప్పించాడు. చేత్తో ఎత్తి చూసి, "వెన్న," అన్నాడు. కొసలు పళ్ళతో పట్టుకుని, ఎడమ చేతిని గుడ్డ మీద బరువులా వాల్చుకుని కుట్టాడు. వంకర వచ్చినచోట విప్పి మళ్ళీ కుట్టాడు. మూడు నాలుగుసార్లు విప్పాడు. ఏడు నెలల తర్వాత మొదటి పని.

సాయంత్రానికి సీటు తయారైంది. కూర్చుంటే లేవబుద్ధి కాదు. వీడియోల్లోవాళ్ళెవరికీ ఇలాంటిది లేదు.

ఆదివారం పడవ నీళ్ళలోకి.

డిసెంబరు 14, ఆదివారం

ఇవాళ రాయను.

డిసెంబరు 15

పత్తి నీళ్ళు తాగుతుంది. ఇంత చిన్న విషయం దూది ఏకే ఇంట్లో ఎవరికీ తోచలేదు.

అన్నీ సరిగ్గానే పెట్టాం. నాన్న జాకెట్టు వేసుకుని ముందు కూర్చున్నాడు. పెట్టె వెనక. తెడ్డుతో పని లేకుండా పడవకి తాడు కట్టి, గట్టు మీద నేను పట్టుకున్నాను. నాన్న పది బారల దూరంలో కూర్చుని గాలం వేసుకోవచ్చు, అయిపోయాక నేను లాగేస్తాను. ఇది నా ఆలోచనే. మావ మొలలోతు నీళ్ళలో నిలబడి పడవని తోశాడు. పావుగంట బాగానే ఉంది. కొంగలు కూడా పట్టించుకోలేదు. అడుగున చేరిన నీళ్ళన్నీ సీటు పీల్చుకుంది. బరువంతా ఒక పక్కకి జారింది. గాలానికి ఏదో తగిలి నాన్న వంగాడు. పడవ బోర్లాపడింది.

నాన్నకి ఏమీ కాలేదు. జాకెట్టు తేల్చింది, మావ పట్టుకున్నాడు. సీటు మాత్రం ఇద్దరం మోస్తే గానీ గట్టుకి రాలేదు.

"చెయ్యి పోయింది చాలదా? మనిషిని కూడా పోగొట్టుకోవాలా?" అని అమ్మ మావ మీద అరిచింది. మావ తల వంచుకుని విన్నాడు. "ఇంకెప్పుడైనా ఒక్కణ్ణే ఆ పడవ ఎక్కించారంటే కత్తిపీట తెచ్చి కోసి పడేస్తాను," అంది. పడవనే.

డిసెంబరు 16

పత్తి వల్లే.

డిసెంబరు 17

నాన్న మళ్ళీ మాట్లాడటం లేదు. అన్నం తింటావా అంటే తల ఊపుతాడు. దబ్బనం కిటికీలో ఉంది.

డిసెంబరు 19

మధ్యాహ్నం నాయనమ్మ ఆరుబయట ఇంకా ఆరని సీటుని వేలితో నొక్కి చూసింది. వేలికి నీళ్ళొచ్చాయి.

"పత్తితో కుట్టిందెవరు?"

"నాన్నే."

"వాడికి పరుపు తెలుసు, నీళ్ళు తెలీదు. పత్తికి దాహం ఎక్కువ. బూరుగు దూదికి నీళ్ళంటే పడదు. మా నాన్న వరదకి బూరుగు దిండు పట్టుకుని కాలవ దాటాడంట. నిజమో అబద్ధమో, దాటకపోతే నేను పుట్టేదాన్ని కాదు."

నిజమో అబద్ధమో చూస్తే పోలా. రెండు చిన్న సంచులు కుట్టాను. ఒకదాంట్లో పత్తి, ఒకదాంట్లో నాయనమ్మ దిండు మూల విప్పి తీసిన బూరుగు దూది. చెరో పిడికెడు. రెండూ ఒకే బకెట్లో వేశాను. ఒంటిగంటా పది నిమిషాలు.

1.14 పత్తి మునిగింది.
2.00 బూరుగు తేలుతోంది.
5.30 బూరుగు తేలుతోంది.

డిసెంబరు 20

పొద్దున్నే లేచి బకెట్ దగ్గరికి పరిగెత్తాను. తేలుతోంది. పిండితే కొంచెం తడి. అంతే. తడి కూడా తగలకూడదంటే ఎరువుల బస్తా లోపల ఉండే ప్లాస్టిక్ సంచిలో పెట్టి కుట్టాలి.

బకెట్ తీసుకెళ్ళి నాన్న మంచం పక్కన పెట్టాను. చూశాడు. కుడిచేత్తో సంచిని అడుక్కి నొక్కి వదిలాడు. పైకొచ్చింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ వచ్చింది. ఎన్నిసార్లో.

"మొండిది," అన్నాడు.

ఇవాళ్టి మాట అదే.

డిసెంబరు 22

అన్ని హంగులనీ నీళ్ళ డ్రమ్ములో వేశాను. పడవ బోర్లాపడితే ఏది మిగులుతుందో ముందే తెలియాలి. గాలం కర్ర మునిగింది. పట్టుకారు మునిగింది. ఎర డబ్బా తేలింది. తెడ్డు తేలింది కానీ డ్రమ్ము కాబట్టి సరిపోయింది, కాలవలో అయితే కొట్టుకుపోతుంది. మునిగేవాటికి ఖాళీ సీసాలు కట్టాను. తెడ్డుకి తాడు కట్టాను. పట్టుకారు అక్కర్లేదనుకున్నాను గానీ జెల్ల చేప ముల్లు గుచ్చుకుంటే ఒంటిచేత్తో గాలం ఎలా విప్పుతాడు, అందుకని ఉంచాను.

అమ్మ అంది: "అన్నీ ముంచి చూశావు. నువ్వు తేలతావా?"

నేను నీళ్ళలో దిగనని అందరికీ తెలుసు. మోకాలు దాటితే నాకు ఊపిరాడదు. అయినా ఈ పరీక్ష సామాన్లకి.

డిసెంబరు 24

నాయనమ్మ తన దిండు మొత్తం ఇచ్చేసింది. పెళ్ళప్పటిదట. నాన్న సీటు విప్పి పత్తి పారబోశాడు. ప్లాస్టిక్ సంచిలో బూరుగు నింపి, పైన గుడ్డ వేసి కుట్టాడు. ఈసారి రెండుసార్లే విప్పాడు.

అమ్మ చూస్తూ కూర్చుని దారం ఎక్కించి ఇచ్చింది. చివరికి ఒకే మాట అంది: "ఒక్కణ్ణే అయితే ఒప్పుకోను. ఎవరైనా తోడు ఎక్కాలి."

డిసెంబరు 26

తోడు బాపయ్య మావే ఎక్కాలని నేనన్నాను. ఎక్కాడు. మావ వెనక కూర్చోగానే పడవ ముక్కు ఆకాశం చూసింది. ముందున్న నాన్న మేడ మీద కూర్చున్నట్టు కాళ్ళు ఆడించాడు.

"దిగరా, చేపలు నవ్వుతున్నాయి," అన్నాడు నాన్న.

"నవ్వితే నోరు తెరుస్తాయి. గాలం వెయ్యి."

దిగాడు.

డిసెంబరు 27

తాడు సంగతి మళ్ళీ ఆలోచించాను. ఈసారి పది బారలు కాకుండా ఆరు బారలు. రెండు తాళ్ళు, అటొకటి ఇటొకటి. గట్టున ఒక మేకు. అమ్మ కూడా ఒప్పుకోవచ్చు, తాడు కూడా తోడే కదా. బొమ్మ గీసి నాన్నకి చూపించాను.

"నన్ను గేదెని చేశావా? రెండు వైపులా పలుపు వేశావు," అన్నాడు.

"భయం కదా నాన్నా."

"ఎవరికి?"

ఆ మాట కొంచెం కూడా గట్టిగా అనలేదు. బొమ్మ మడిచి నాకిచ్చేశాడు.

రాసేస్తున్నాను. ఆ రోజు గాలానికి ఏదో తగిలింది. పెద్దదే. కర్ర వంగింది. ఏడు నెలల తర్వాత నాన్న నోరు తెరిచి నవ్వడం గట్టు మీంచి కనిపించింది. పడవ ఊగింది. నేను తాడు లాగాను. గట్టిగా, రెండు చేతులతో, నా బలం కొద్దీ లాగాను. అప్పుడు బోర్లాపడింది. పత్తి నీళ్ళు తాగిన మాట నిజమే. కానీ లాగింది నేను.

మావ చూశాడు. నాన్నకీ తెలుసు. అమ్మ అంత అరిచినా ఇద్దరిలో ఒక్కరూ నోరు విప్పలేదు.

డిసెంబరు 28

తాడు కొట్టివేత.

డిసెంబరు 30

నాన్న చెయ్యి అలవాటు కోసం టేపు పట్టుకుని ఇంట్లో అన్నీ కొలుస్తున్నాడు. బల్ల, కిటికీ, మేక. నేను చదువుకుంటుంటే నా వీపు కూడా కొలిచాడు. "కదలకు," అన్నాడు. కదల్లేదు.

జనవరి 1

నాన్న మూడు రోజులుగా దిండు లేకుండా పడుకుంటున్నాడు. మెడ నొప్పట. డాక్టరుకి చూపించాలి.

జనవరి 2

"ఆ వెనక పెట్టె తీసెయ్," అన్నాడు నాన్న.

తీసెయ్యడం కుదరదని చెప్పాను. పెట్టెలో ఎర డబ్బా, పట్టుకారు, నీళ్ళ సీసా, తువ్వాలు, పట్టిన చేపల సంచి పెట్టుకోవాలి. అది లేకపోతే ఇవన్నీ కాళ్ళ కింద దొర్లుతాయి. పైగా వెనక బరువు లేకపోతే పడవ ముందుకి వాలుతుంది. పెట్టె రంధ్రాలది కాబట్టి నీళ్ళు నిలవవు. మొదట టమాటాల పెట్టె తెచ్చి, అది పలచగా ఉందని పాల పాకెట్ల పెట్టె తెచ్చి, నాలుగు మూలలా తాళ్ళు కట్టి, ఇంత చేశాక తీసెయ్యమంటే ఎలా. అన్ని వీడియోల్లోనూ ఉంది.

నాన్న మొత్తం విన్నాడు. "ఎర డబ్బా నా కాళ్ళ మధ్య పెట్టుకుంటాను. నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుంటాను. ఇంకేం మిగిలింది?"

పెట్టె తాళ్ళు ఇంకోసారి బిగించాను.

జనవరి 4

అటక మీంచి రెండో జాకెట్టు దింపాను. దానిక్కూడా పరీక్ష పెట్టాలి కదా, హంగే కదా. వేసుకుని దిగాలి, డ్రమ్ములో నేను పట్టను. బాపయ్య మావతో కాలవకి వెళ్ళాను.

మోకాళ్ళు.

జనవరి 5

మోకాళ్ళే. బురద వేళ్ళ మధ్యకి వస్తుంది. "అది కూడా నిన్ను చూసి భయపడతందిలే," అన్నాడు మావ.

జనవరి 6

నడుము.

జనవరి 8

నడుము. వెనక్కి వచ్చేశాను. మావ బీడీ తాగుతూ అటు తిరిగి నిలబడ్డాడు.

జనవరి 9

వెనక్కి పడుకున్నాను. చెవుల్లోకి నీళ్ళు రాగానే లోకం మొత్తం ఆగిపోయింది. నా గుండె చప్పుడు ఎవరో తలుపు కొడుతున్నట్టు వినిపించింది. కాళ్ళు అవే పైకొచ్చాయి. బకెట్లో సంచి గుర్తొచ్చింది. మొండిది.

జాకెట్టు పనిచేస్తుంది.

జనవరి 10

అటక మీంచి రెండో తెడ్డు కూడా దింపాను. గచ్చు మీద కూర్చుని తోసి చూశాను. కుడివైపొకటి, ఎడమవైపొకటి. ముందు ఒకరు కుడివైపు తోస్తే వెనక ఉన్నవాళ్ళు ఎడమవైపు తోయాలి.

రేపు పొద్దున్నే లేచి, నాన్న చూడకముందే పెట్టె తాళ్ళు విప్పాలి.

జనవరి 11, ఆదివారం

తాళ్ళు విప్పడానికి ఐదున్నరకే వెళ్ళాను. పెట్టె లేదు.

వెనక పల్లంలో సీటు ఉంది. నాన్న సీటు లాంటిదే, దానికంటే సన్నం. కుట్టు ఎక్కడా వంకర లేదు. కూర్చుంటే నా వీపుకి సరిగ్గా ఆనింది. పక్కకి వేలెడు కూడా మిగల్లేదు. గుడ్డ పాతది, చారల గలీబు. నాన్న దిండు గలీబు. మెడ నొప్పి సంగతి అప్పుడు అర్థమైంది.

వెనక నుంచి నాన్న గొంతు. "దాంట్లో బూరుగే పోశాను. అనుమానమైతే బకెట్లో వేసుకో."

చేతిలో జాకెట్టు, తెడ్డు పట్టుకుని ఉన్నాను కాబట్టి దాచడానికి ఏమీ లేకపోయింది.

"ఎన్నాళ్ళుగా తెలుసు?" అన్నాను.

"తడి బట్టలు పెరట్లో ఆరేస్తే మీ అమ్మకి తెలీదా? మీ అమ్మకి తెలిస్తే నాకు తెలీదా?"

అమ్మ గట్టు దాకా వచ్చింది. నా జాకెట్టు పట్టీలు తనే బిగించింది, ఊపిరాడనంత. మావ తోశాడు. గట్టు వెనక్కి వెళ్ళింది. తెడ్డు ఒళ్ళో వేసుకుని పడవ అంచులు పట్టుకున్నాను.

నాన్న తెడ్డుని చంకలో ఇరికించుకుని కుడిచేత్తో పట్టుకున్నాడు. వెనక్కి తిరగలేదు.

"కుడిపక్క నేను చూసుకుంటాను. ఎడమపక్క నువ్వు చూసుకో."

చూసుకున్నాను. మొదట రెండుసార్లు పడవ గిర్రున తిరిగింది. మావ గట్టు మీంచి "ఏరా, గానుగ ఆడిస్తన్నారా?" అని అరిచాడు. మూడోసారి తిన్నగా వెళ్ళింది. వంపు దాటాక మావా కనపడలేదు, అమ్మా కనపడలేదు. లంగరు నేనే వేశాను.

రెండు గంటలు. ఒక జెల్ల. అరచేయంత. కర్ర వంగినప్పుడు పడవ ఊగింది. నా చేతులు తెడ్డు మీదే ఉంచాను. ఊగి ఊగి అదే ఆగింది.

చివరి జాబితా: గాలం గొట్టం, రెండు కిలోల లంగరు, నొక్కే ఎర డబ్బా, పట్టుకారు, సీసాలు, తెడ్లకి తాళ్ళు, రెండు సీట్లు.

పాల పాకెట్ల పెట్టెలో అమ్మ ఉల్లిపాయలు పోసింది. అందులో గాలి బాగా ఆడుతుందట.